ఆరోగ్య దర్శిని: పథ్యం పేరిట పస్తులు

ఈ శీర్షికను ప్రారంభించిననాడే మేము ఒక మాట మనవి చేసుకొన్నాము. వృత్తిరీత్యా మేము విద్యుత్ ఇంజనీరులమే గాని వైద్యులము కాము. వైద్యులు చెప్పినదానిని, ప్రామాణిక గ్రంథములలో చదివినదానిని మన ఇండ్లలో అర్థమయ్యే భాషలో విన్నవించుటయే మా పని. ఈ నెల వ్రాయబోవు విషయము మాత్రము మా తప్పిదముతో ముడిపడి ఉన్నది. కనుక ముందుగా ఆ తప్పిదమునే చెప్పుకొని, తరువాత శాస్త్రము జోలికి వెళ్ళెదము.

గత సంవత్సరము వర్షాకాలములో మా విభాగమునకు చెందిన ఒక మిత్రునికి కామెర్లు వచ్చినవి. అతడు మాకన్నా వయస్సులో చిన్నవాడు. పార్వతీపురము వైపునుండి మూడు తరాల క్రితము రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చి స్థిరపడిన కుటుంబము. అతనికి హెపటైటిస్ బి ఉన్నట్లు, కాలేయము అప్పటికే చాలా భాగము గట్టిపడి సిరోసిస్ స్థితికి వచ్చినట్లు పరీక్షలలో తేలినది. పరామర్శకు వెళ్ళిన మేమందరము తలా ఒక సలహా ఇచ్చినాము. పప్పు మానిపించమని ఒకరు, నూనె వాసన తగలనీయవద్దని మరొకరు, గ్రుడ్డు, పాలు విషముతో సమానమని ఇంకొకరు చెప్పినారు. “కామెర్లకు పథ్యమే సగము మందు చెల్లెమ్మా! గంజి, మజ్జిగ తప్ప ఏమీ పెట్టవద్దు” అని అతని భార్యతో గట్టిగా చెప్పినది మేమే. ఆమె, “పెద్దవారు, మీరు చెప్పిన తరువాత ఇంకేముంది అన్నయ్యగారూ” అని అక్షరాలా పాటించినది.

నెలన్నర గడిచినది. మొగము పీక్కుపోయినది, భుజాలు కరిగిపోయినవి, కడుపు మాత్రము జలోదరముతో ఉబ్బినది. తూకపు యంత్రముపై బరువు తగ్గనందున ఎవరికీ అనుమానము రాలేదు. ఒక రాత్రి అతడు కుమార్తెను తన తల్లి పేరుతో పిలిచినాడు. తిరుపతి బండికి వేళయినది, సామాను సర్దమన్నాడు. చేతులు చాపమంటే వేళ్ళు రెక్కల వలె కొట్టుకొనుచున్నవి. తెల్లవారేసరికి మాట లేదు. పట్టణములోని ఒక ఆసుపత్రిలో ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌లో చేర్చినాము.

అక్కడి వైద్యులు ఎంతో సౌమ్యులు. నాడి, రక్తపరీక్షలు చూచిన పిమ్మట హిందీలో అడిగిన మొదటి ప్రశ్న, “ఈయన ఇన్నాళ్ళూ ఏమి తింటున్నారు?” అని. చెల్లెమ్మ చెప్పుచుండగా పోషకాహార నిపుణురాలు కాగితముపై వ్రాసుకొన్నది. నూరు గ్రాముల బియ్యపు గంజి, రెండు గ్లాసుల పలుచని మజ్జిగ, గ్లూకోజు నీరు, ఒక అరటిపండు. కూడిక వేసి చూడగా రోజుకు పది గ్రాముల మాంసకృత్తులు, ఆరువందల ఏబది కేలరీలు. “ఈయనకు రోజుకు కనీసము డెబ్బది గ్రాముల మాంసకృత్తులు కావలె. మీరు ఏడవ వంతు ఇచ్చినారు” అన్నదామె. ఎవరినీ నిందించలేదు. మేము మాత్రము తలవంచుకొన్నాము.

కాలేయము ఒక గిడ్డంగి

మా తండ్రిగారు ఆవిరి ఇంజన్ల కాలములో బిలాస్‌పూర్ లోకో షెడ్డునందు ఫైర్‌మన్‌గా పనిచేసినారు. రాత్రి షెడ్డులో నిలిచిన ఇంజనుకు నిప్పు పూర్తిగా ఆరిపోనీయరాదనియు, బొగ్గు వేసి నిప్పును కప్పిపెట్టవలెననియు, చల్లారిన బాయిలరును మరల వేడెక్కించుటకు గంటల కాలము పట్టుననియు ఆయన చెప్పెడివారు. కాలేయ రోగి ఆహారమును అర్థము చేసికొనుటకు మాకు ఈ ఉపమానమే దొరికినది.

మనము తిన్న అన్నములోని చక్కెరలో కొంత కాలేయము గ్లైకోజన్ రూపములో నిలువ చేయును. రాత్రి మనము నిద్రించుచుండగా ఆ నిలువనుండి చక్కెరను కొద్దికొద్దిగా రక్తములోనికి వదలుచుండును. సిరోసిస్ రోగిలో ఈ గిడ్డంగి కుంచించుకొనిపోవును. రాత్రి కొంతసేపటికే నిలువ అడుగంటును. మెదడుకు చక్కెర కావలెను గదా! అప్పుడు శరీరము తన కండరములనే కరిగించి, అందలి మాంసకృత్తులనుండి చక్కెర తయారు చేసికొనును. ఆరోగ్యవంతుడు రెండు మూడు దినములు పస్తున్నచో కలుగు స్థితి, సిరోసిస్ రోగికి ఒక్క రాత్రి ఉపవాసముతోనే కలుగునని పరిశోధకులు 1980 దశకములోనే కనుగొన్నారు.

కండరము కరిగినందువలన బలము పోవుట ఒక్కటే నష్టము కాదు. మాంసకృత్తుల విచ్ఛిత్తిలో పుట్టు అమ్మోనియాను మామూలుగా కాలేయము యూరియాగా మార్చి విసర్జింపజేయును. కాలేయము నీరసించినప్పుడు ఆ పనిలో కొంత భాగమును కండరములు తీసికొని, అమ్మోనియాను గ్లుటమిన్‌గా మార్చును. భన్వార్ టోంక్ ఎగుడులో ముందరి ఇంజను లాగలేనప్పుడు వెనుకనుండి నెట్టు బ్యాంకర్ ఇంజను వంటిది ఈ కండరము. మేము పథ్యము పేరిట మా మిత్రుని బ్యాంకరును కూడా విప్పివేసినాము. అమ్మోనియా మెదడుకు చేరినది. దీనినే వైద్యులు హెపాటిక్ ఎన్‌సెఫలోపతి అందురు. అతనికి అంటువ్యాధి సోకినందున కూడా ఆ స్థితి ముదిరినదని తరువాత తెలిసినది. కనుక నేరమంతయు పథ్యముదే అనుట సరికాదు. కాని సగము దారి మేమే సుగమము చేసినాము.

పొరపాటుకు పుట్టినిల్లు

పప్పు మానిపించు అలవాటు మన పల్లెలలో మాత్రమే పుట్టినది కాదు. ఆధునిక వైద్యములో సైతము ఒక శతాబ్దమునకు పైగా ఇదే నమ్మకము రాజ్యమేలినది. 1893లో రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్‌లో పావ్లోవ్, ఆయన సహచరులు కుక్కలలో ప్రేగులనుండి వచ్చు రక్తము కాలేయములోనికి పోకుండ దారి మళ్ళించినారు. అట్టి కుక్కలు మాంసము తిన్నప్పుడు తూలి పడుట, స్పృహ తప్పుట గమనించినారు. 1954లో లండనులో షీలా షెర్లాక్, ఆమె సహచరులు రోగులలో ఇట్టి మెదడు లక్షణములకును ప్రేగులలో పుట్టు నత్రజని పదార్థములకును గల సంబంధమును వివరించినారు. ఆ తరువాత దశాబ్దముల తరబడి ఆసుపత్రులలో ఇట్టి రోగులకు మాంసకృత్తులను బాగా తగ్గించియో, పూర్తిగా మానిపించియో వైద్యము చేసెడివారు.

దీనిని సూటిగా పరీక్షించినది 2004లో ప్రచురితమైన బార్సిలోనా అధ్యయనము. హెపాటిక్ ఎన్‌సెఫలోపతితో చేరిన ముప్పది మంది రోగులను రెండు జట్లుగా చేసినారు. ఒక జట్టుకు తొలి దినములలో మాంసకృత్తులు ఆపి క్రమముగా పెంచినారు. రెండవ జట్టుకు మొదటినుండియు మామూలు మోతాదులో ఇచ్చినారు. మెదడు స్థితి కోలుకొనుటలో రెండు జట్లకును తేడా కనిపించలేదు. పైగా ఆపిన జట్టులోనే శరీర మాంసకృత్తులు ఎక్కువగా కరిగినవి. రోగుల సంఖ్య చిన్నదే అయినను, తరువాతి అనుభవము దీనినే బలపరచినది. 2019లో ఐరోపా కాలేయ వైద్య సంఘము, ఐరోపా పోషకాహార వైద్య సంఘము వేర్వేరుగా వెలువరించిన మార్గదర్శకములు రెండును సిరోసిస్ రోగికి ఎన్‌సెఫలోపతి ఉన్నను మాంసకృత్తులు తగ్గించవద్దనియే చెప్పినవి.

ఇంటెన్సివ్ కేర్‌లో ఏమి చేసెదరు?

మా మిత్రుని పడక ప్రక్కన పదునెనిమిది దినములలో మేము చూచినది, వైద్యులను అడిగి తెలిసికొన్నది క్లుప్తముగా విన్నవించెదము.

మొదటిది తూకము. జలోదరమున్న వానిని తూకపు యంత్రము మోసగించును. అందుచేత నీటి బరువును తీసివేయవలెను. జలోదరము స్వల్పమైనచో నూటికి 5, మధ్యస్థమైనచో 10, తీవ్రమైనచో 15 వంతులు, రెండు కాళ్ళకు వాపు ఉన్నచో మరి 5 వంతులు తగ్గించి లెక్కింతురు. మా మిత్రుడు 68 కిలోలు తూగినాడు. మధ్యస్థ జలోదరము, కాళ్ళ వాపు ఉన్నందున 15 వంతులు తీసివేయగా మిగిలినది సుమారు 58 కిలోలు. మీటరు చూపిన అంకెను సవరణ లేక నమ్మరాదని మన విభాగమువారికి వేరే చెప్పనక్కర లేదు.

రెండవది దారి. రోగి మ్రింగగలిగి, దగ్గగలిగినంతవరకు నోటిద్వారానే ఆహారము ఇత్తురు. స్పృహ సరిగా లేనప్పుడు నోట పెట్టిన ముద్ద ఊపిరితిత్తులలోనికి జారు ప్రమాదమున్నది. కనుక ఇంటివారు మమకారముతో చెంచాతో పాలు పోయుట ప్రాణాంతకము కాగలదు. అప్పుడు శ్వాసమార్గమునకు రక్షణ కల్పించి ముక్కుగుండా సన్నని గొట్టము వేసి ద్రవాహారము ఎక్కింతురు. అన్నవాహికలో రక్తనాళములు ఉబ్బి ఉన్నంతమాత్రమున గొట్టము వేయరాదను నియమము లేదు. ఇటీవల రక్తస్రావమైన వారికి మాత్రము ఎప్పుడు వేయవలెనో వైద్యులే నిర్ణయింతురు. జలోదరమున్న వారికి పొట్టకు రంధ్రము చేసి గొట్టము అమర్చుట సాధారణముగా చేయరు. ప్రేగులు పని చేయనప్పుడే నరముద్వారా పోషకములను ఇత్తురు. ప్రేగు పనిచేయుచున్నచో ప్రేగునే వాడుకొనవలెనన్నది సూత్రము.

మూడవది మోతాదు. కుదుటపడిన పిదప కిలో బరువుకు రోజుకు 30 నుండి 35 కేలరీలు, 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు లక్ష్యము. తీవ్రస్థితి తొలి దినములలో ఇంతకన్న తక్కువతో మొదలిడి మెట్లు మెట్లుగా పెంచెదరు.

నాలుగవది విరేచనము. లాక్టులోజ్ అను తియ్యని ద్రవమును ఇచ్చి రోజుకు రెండు మూడు మెత్తని విరేచనములు అగునట్లు చూతురు. అమ్మోనియాను బయటకు పంపు పని దానిది. అన్నము మానిపించి సాధింపదలచినదానిని ఈ మందుతో సాధింతురు.

ఇక్కడ ఒక భేదమును గుర్తుంచుకొనవలెను. పైన చెప్పినది చాలాకాలముగా కాలేయ వ్యాధి ఉన్నవారి సంగతి. నిన్నటివరకు ఆరోగ్యముగా ఉండి, హఠాత్తుగా కొద్ది దినములలోనే కాలేయము విఫలమైనవారి సంగతి వేరు. హెపటైటిస్ ఇ వంటి వైరసులు, క్షయ మందులలో కొన్ని, మోతాదు మించిన పారసిటమాల్ ఇందుకు కారణములు కాగలవు. అట్టివారిలో రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. మాటిమాటికి పరీక్షించి గ్లూకోజు ఇయ్యవలసి ఉండును. అతి వేగముగా ముదిరిన కేసులలో అమ్మోనియా మిక్కిలి హెచ్చుగా ఉన్నచో మాంసకృత్తులను ఒకటి రెండు దినములు మాత్రము వాయిదా వేసి, మెదడుపై ఒత్తిడి పెరుగకుండ చూచి, పిదప ప్రారంభింతురు. ఆ నిర్ణయము వైద్యునిదే. ఇంటివారు ఒక రోగి సలహాను మరొక రోగికి అంటగట్టరాదు.

ఒక తెలుగు మహనీయుని స్మరణ

మూడవ దినమున మాకొక ఆశ్చర్యము కలిగినది. ఆహారమును వేగముగా పెంచమని మేము తొందరపెట్టగా డాక్టరుగారు వారించినారు. చాలాకాలము పస్తున్న శరీరమునకు ఒక్కసారిగా ఆహారము అందినచో రక్తములోని భాస్వరము, పొటాషియము కణములలోనికి దూసుకొనిపోయి, రక్తములో హఠాత్తుగా తగ్గిపోవును. గుండె లయ తప్పవచ్చును, శ్వాస కండరములు పనిచేయక పోవచ్చును. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఆకలితో శల్యావశిష్టులైన ఖైదీలు అన్నము దొరికిన తరువాత మరణించుటకు ఒక కారణము ఇదియే. అందుచేత ముందుగా థయమిన్ అను బి1 విటమిన్ ఇచ్చి, ప్రతిదినము రక్తములో భాస్వరమును కొలుచుచు, లోటును పూరించుచు ఆహారమును పెంచినారు.

రక్తములో భాస్వరమును కొలుచుట అనగానే మన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకొనకుండ ఉండలేము. 1895లో భీమవరములో జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికా చేరిన ఆయన, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన భాస్వర పరిమాణ పద్ధతి దశాబ్దముల తరబడి ప్రపంచమందలి ప్రయోగశాలలలో వాడుకలో ఉండినది. నేడు యంత్రములు మారినవి. కాని కొలత లేనిదే చికిత్స లేదన్న పాఠము మారలేదు.

ఇంటిలో లెక్క

స్పృహ వచ్చిన తరువాత అసలు భారము ఇల్లాలిపై పడినది. పోషకాహార నిపుణురాలు చెప్పినదానిని మేము ఆమెకు పట్టికగా వ్రాసి ఇచ్చినాము. 58 కిలోల మనిషికి రోజుకు 70 నుండి 87 గ్రాముల మాంసకృత్తులు, 1,740 నుండి 2,030 కేలరీలు కావలెను. ఇది ఎచ్చటినుండి వచ్చును? బియ్యము 250 గ్రాములలో మాంసకృత్తులు సుమారు 17 గ్రాములు, కందిపప్పు 75 గ్రాములలో 16, పాలు అర లీటరులో 15, పెరుగు 200 గ్రాములలో 6, కోడిగ్రుడ్లు రెండింటిలో 12, పుట్నాల పప్పు 30 గ్రాములలో 6. మొత్తము 72 గ్రాములు. అయిదు చెంచాల నూనెతో కలిపి కేలరీలు రమారమి రెండు వేలు. దీనిలో ఖరీదైన డబ్బా పొడి ఒక్కటియు లేదు. అన్నియు బుధవారీ బజారులో దొరకునవే. గ్రుడ్డు తినని ఇండ్లవారు ఆ మేరకు పనీరు, పప్పు పెంచుకొనవచ్చును. పప్పు, పాలనుండి వచ్చు మాంసకృత్తులను ఇట్టి రోగులు మాంసముకన్న సులువుగా సహింతురని అనుభవము.

ఇంత ఆహారమును రెండు పూటల తినుట రోగికి సాధ్యము కాదు. జలోదరము వలన కొద్దిగా తిన్నంతనే కడుపు నిండినట్లుండును. కనుక అయిదారు మార్లుగా విడదీయవలెను. అన్నిటికన్న ముఖ్యమైనది పడుకొనుటకు ముందు తినునది. న్యూజిలాండులో సుమారు నూరుమంది సిరోసిస్ రోగులపై జరిగి 2008లో ప్రచురితమైన అధ్యయనములో ఒకే పోషక పానీయమును కొందరికి పగలు, కొందరికి రాత్రి ఇచ్చినారు. ఏడాది గడిచేసరికి రాత్రి తీసికొన్నవారి శరీరములో సుమారు రెండు కిలోల కండ పెరిగినది, పగటివారిలో అట్టి మార్పు లేదు. షెడ్డులో మా తండ్రిగారు నిప్పు కప్పిపెట్టుట వంటిదే ఇది.

ఉప్పు విషయములో జాగ్రత్త అవసరము. జలోదరమున్నచో రోజుకు మొత్తము ఒక చెంచాకు, అనగా 5 గ్రాములకు మించరాదు. ఆవకాయ, అప్పడము, ఊరమిరప ఈ లెక్కను ఒక్క ముద్దతో దాటించును. అట్లని చప్పిడి తిండి పెట్టి, రుచి లేక రోగి కంచము త్రోసివేసినచో అసలుకే మోసము. నిమ్మరసము, కొత్తిమీర, జీలకర్ర, చింతపండు రుచికి తోడ్పడును.

రాకుండ చూచుకొనుట

హెపటైటిస్ ఎ, ఇ కలుషిత జలము వలన వచ్చును. 1955–56లో ఢిల్లీ నగరములో త్రాగునీటిలో మురుగు కలిసినందున దాదాపు 29 వేలమందికి కామెర్లు సోకినవి. అది హెపటైటిస్ ఇ అని చాలాకాలము తరువాత తేలినది. గర్భిణులకు ఇది మిక్కిలి ప్రమాదకరము. కామెర్లకు మంచిదని వీధిలో త్రాగు చెరకురసము, అందు వేయు మంచుగడ్డ కలుషితమైనచో ఆ వ్యాధినే తెచ్చిపెట్టగలవు. కాచి చల్లార్చిన నీటికి మించిన మందు లేదు. పేరు తెలియని పసరు మందులు మ్రింగి, అలసిన కాలేయమునకు మరింత పని పెట్టరాదు. మద్యము సంగతి చెప్పనక్కరలేదు.

హెపటైటిస్ బికి టీకా ఉన్నది. ఒకప్పుడు విదేశములనుండి వచ్చు ఆ టీకా ధర సామాన్యునికి అందెడిది కాదు. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, వరప్రసాద్ రెడ్డిగారి నేతృత్వములో, మన దేశములోనే జన్యుసాంకేతిక పద్ధతిలో తయారైన టీకాను విడుదల చేసినది. దానితో ధర ఎంతో దిగివచ్చినది. నేడు శిశువులకు పుట్టిన రోజుననే ప్రభుత్వము ఉచితముగా వేయుచున్నది. పెద్దలు రక్తపరీక్ష చేయించుకొని, అవసరమైనచో మూడు మోతాదులు వేయించుకొనవలెను. మా మిత్రుడు ఇరువది ఏండ్ల క్రితము ఆ పరీక్ష చేయించుకొని ఉన్నచో, నేడు వ్రాయుటకు మాకీ కథ ఉండెడిది కాదు.

అతని సంగతి చెప్పి ముగించెదము. ఆహారము కాలేయమును క్రొత్తగా మొలిపించలేదు. ఆ మాట వైద్యులు మొదటనే స్పష్టముగా చెప్పినారు. కాలేయ మార్పిడి అవసరమా, ఎప్పుడన్న విచారణకై అతడు హైదరాబాదు వెళ్ళి వచ్చుచున్నాడు. ఆ శస్త్రచికిత్సకు తట్టుకొను బలము శరీరములో ఉండవలెనన్నది అక్కడివారు పెట్టిన షరతు. మునుపు మంచముపైనుండి లేవలేనివాడు ఇప్పుడు సాయంత్రము రైల్వే కాలనీ వీధి చివరివరకు నడచి వచ్చుచున్నాడు. కండచేయి కొలతను చెల్లెమ్మ దర్జీ టేపుతో నెలకొకమారు కొలిచి, క్యాలెండరు మీద వ్రాయుచున్నది.

మొన్న రాత్రి పది గంటలకు వారింటికి వెళ్ళినాము. ఆమె స్టీలు గిన్నెలో పెరుగన్నము, ప్రక్కన పుట్నాల పొడి పెట్టి అతని ముందుంచినది. “ఇప్పుడు ఆకలి లేదే” అన్నాడతడు. “ఆకలి కోసము కాదు లెండి. అన్నయ్యగారు వ్రాసిచ్చిన లెక్క కోసము” అన్నదామె. అతడు నవ్వి గిన్నె అందుకొన్నాడు. అతడు పూర్తి చేయువరకు మేము అక్కడనే కూర్చున్నాము.

మీ ఇంటిలోగాని, పొరుగింటిలోగాని కామెర్లతో మంచమెక్కినవారున్నచో, పథ్యము చెప్పుటకు ముందు వైద్యుని ఒక్క ప్రశ్న అడుగుడు: “ఈయన రోజుకు ఎంత తినవలెను?” ఏమి మానవలెనన్న ప్రశ్న తరువాత అడుగవచ్చును.

వచ్చే సంచికలో మూత్రపిండముల సంగతి ముచ్చటించుకొందము.